సీసాలో సగం సగమైతే బంగారం మీదా సగమేనా?

అనంతపురం

నాయనా, ఆశీస్సులు.

నీ జాబు అందింది. కొసన మిథైల్ ఉన్న 16 కార్బన్ల థయాల్ (సల్ఫర్‌తో బంగారాన్ని పట్టుకునే గొలుసు అణువు), కొసన హైడ్రాక్సిల్ ఉన్న 11 కార్బన్ల థయాల్ సగం సగం ఇథనాల్‌లో కలిపి బంగారు పూత మీద పొర వేశావు. ఎక్స్-రేలతో ఎలక్ట్రాన్లను ఊడగొట్టి ఏ మూలకం ఎంతుందో చెప్పే ఎక్స్‌పీఎస్‌కి పంపాలా, అయాన్లతో కొట్టి ఊడిన ముక్కల బరువు తూచే టాఫ్ సిమ్స్‌కి పంపాలా అని అడిగావు.

మన శెనక్కాయ చేలో కంది కలిపి వేస్తాం కదా. ఎన్ని గింజలు వేశామన్నది ఒక లెక్క, ఎన్ని మొలిచాయన్నది వేరే లెక్క. కంది చేనంతా పరుచుకుందా, ఒక మూలనే గుంపుగా లేచిందా అన్నది ఇంకో లెక్క. ఇథనాల్‌లో పొడుగు గొలుసే ఎక్కువ చోటు పట్టేస్తుంది. అందుకే సీసాలోని నిష్పత్తిని థీసిస్‌లో పొర నిష్పత్తిగా రాయొద్దు.

ముందు మీ ల్యాబ్‌లోనే నీటిబొట్టు కోణం చూడు. మిథైల్ పొర మీద 110 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, హైడ్రాక్సిల్ మీద పరుచుకుపోతుంది. నీది ఎటు మొగ్గిందో అక్కడే తెలుస్తుంది.

ఎంత ఉందో తేల్చేది ఎక్స్‌పీఎస్. ఆక్సిజన్ పట్టుకున్న కార్బన్ గ్రాఫులో 286.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర భుజంలా లేస్తుంది. అయితే పొడుగు గొలుసులు కింది సంకేతాన్ని కొంత మింగేస్తాయి కనుక, ఒక్కో థయాల్‌తోనే వేసిన రెండు శుద్ధ పొరలు కూడా పక్కనే పెట్టి కొలిపించు. సల్ఫర్ పీక్ (గ్రాఫులో లేచే శిఖరం) 162 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంటే బంగారాన్ని పట్టుకున్నట్టే. 168 దగ్గర తేలిందా, గాలికి పాడైనట్టు.

టాఫ్ సిమ్స్ పైపై ఒకటి రెండు నానోమీటర్లనే చూస్తుంది, ఏది ఎక్కడుందో బొమ్మ గీసిస్తుంది. కానీ అందులో పీక్ ఎత్తును పరిమాణం అనుకోకు, చుట్టూ ఉన్న అణువులను బట్టి అది మారిపోతుంది. చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల అయాన్లు దాటనీయొద్దని ఆపరేటర్‌కు గట్టిగా చెప్పు, దాటితే పొరే చెదిరిపోతుంది.

నాలుగైదు నానోమీటర్ల గుంపులు ఈ రెండిటికీ దొరకవు. వాటికి సన్నని సూది మొనతో ఉపరితలాన్ని తడిమి చూసే మైక్రోస్కోపు, ఎస్‌టీఎం కావాలి. అది అందకపోతే కాస్టిక్ పొటాష్ ద్రావణంలో వోల్టమెట్రీ (వోల్టేజి మారుస్తూ కరెంటు కొలవడం) చేసి పొరను ఊడదియ్యి. పీక్ రెండుగా విడితే అణువులు వేరు వేరు గుంపులు కట్టాయని అర్థం.

నేనొకసారి శాంపిళ్లను ప్లాస్టిక్ కవర్లో చుట్టి బస్సులో బెంగళూరు పంపాను. సిమ్స్‌లో 73, 147 ద్రవ్యరాశుల దగ్గర పెద్ద పీక్‌లు లేచాయి. అది సిలికోన్, నా పొర కాదు. ఆ తప్పు నాదే, నెల రోజుల పని పోయింది. నువ్వు గాజు సీసాలో నైట్రోజన్ నింపి పంపు. ఒకే స్లైడును రెండు ముక్కలు చేసి, రెండు పరికరాలకూ ఒకే రోజు చేరేలా చూడు.

పీక్ ఫిటింగ్ (కలిసిపోయిన పీక్‌లను విడదీసి లెక్కగట్టడం) మొదలుపెట్టే ముందు ముడి స్పెక్ట్రాలు, అంటే పరికరం ఇచ్చిన గ్రాఫులు, నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.