జైరోట్రాన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జైరోట్రాన్ మీద, అంటే ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో తిప్పి శక్తిమంతమైన మైక్రోవేవ్‌లు పుట్టించే గొట్టం మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ హాయిగా సాగింది. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు రాండల్, బూట్ రాగి దిమ్మలో గదులు తొలిచి చేసిన మాగ్నెట్రాన్ అనే మైక్రోవేవ్ గొట్టం గురించి, ఇవాళ మన వంటింటి ఓవెన్‌లో ఉన్నది దాని వారసురాలే అనడం గురించి ఒక్క మాట కూడా మార్చకు.

చిక్కు మూడో పేజీలో వచ్చింది. "అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు మైక్రోవేవ్‌లను విడుదల చేస్తాయి" అని ఒక్క వాక్యంతో దాటేశావు. కథంతా అక్కడే ఉంది తమ్ముడూ! ప్రతి ఎలక్ట్రానూ ముందుకు సాగుతూనే తన చిన్న వలయంలో తాను తిరుగుతుంది. ఎవరికి వారు తిరిగితే ఒకదాని తరంగాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది. మరి అవన్నీ ఒక్క లయలోకి ఎలా వచ్చాయి?

బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లంతా కలిసి చప్పట్లు కొట్టడం అన్న పోలిక వాడుకో, కానీ అక్కడే ఆగిపోకు. బతుకమ్మకు అడుగు కలపడానికి పాట ఉంటుంది. ఇక్కడ ఆ పని చేసేది గొట్టం లోపలి కుహరంలో ఊగుతున్న తరంగమే. అది కొన్ని ఎలక్ట్రాన్లకు శక్తి ఇస్తుంది, కొన్నిటి దగ్గర తీసుకుంటుంది. శక్తి అందుకున్నది, సాపేక్షతా సిద్ధాంతం చెప్పినట్టు, కాస్త బరువెక్కి నెమ్మదిగా చుట్టు తిరుగుతుంది. శక్తి పోయినది తేలికై త్వరగా తిరుగుతుంది. అలా జరిగి జరిగి అన్నీ గుంపు కడతాయి. తరంగం పౌనఃపున్యం ఎలక్ట్రాన్లు తిరిగే పౌనఃపున్యం కన్నా రవ్వంత ఎక్కువ ఉండేట్టు అయస్కాంతాన్ని అమరిస్తే, ఆ గుంపు తన శక్తిని తరంగానికి ధారపోస్తుంది. ఈ ఒక్క పేరా కోసం నువ్వు వారం రోజులు కూర్చున్నా నాకు ఎక్కువ అనిపించదు.

ఈ బరువు సంగతి వదిలేయడం వల్లే నీ లెక్క కూడా తప్పింది. ఫ్రాన్స్‌లోని ఇటర్ అనే కేంద్రక సంలీన (ఫ్యూజన్) రియాక్టర్ కోసం చేసే జైరోట్రాన్లు 170 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కొక్కటి సుమారు ఒక మెగావాట్ ఇస్తాయి. ఒక్కో టెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) క్షేత్రానికి ఎలక్ట్రాన్ తిరిగే పౌనఃపున్యం 28 గిగాహెర్ట్జ్ చొప్పున లెక్కగట్టి, 170ని దానితో భాగించి ఆరు టెస్లాలు చాలన్నావు. దాదాపు 80 కిలోవోల్టులతో తోసిన ఎలక్ట్రాన్ 15 శాతం దాకా బరువెక్కుతుంది. అందుకే నిజంగా కావలసిన క్షేత్రం ఆరున్నర టెస్లాలు దాటుతుంది, దానికి సూపర్ కండక్టింగ్ అయస్కాంతమే కావాలి.

మరో మాట. జైరోట్రాన్‌కు నువ్వు పెట్టిన "పరిభ్రమణ నాళిక" అన్న పేరు తీసేయ్. 1964లో సోవియట్ నగరం గోర్కీలో మొదటిది తయారైంది, దాన్ని లోకమంతా జైరోట్రాన్ అనే అంటోంది. మన పాఠకుడికీ అదే పేరు ఇవ్వు.

టెన్షన్ పడకు, మూడో పేజీ ఒక్కటే మళ్లీ రాసి ఆదివారం లోపు పంపు. గుంపు కట్టే చోట ఒక బొమ్మ కూడా గీయి, చేత్తో గీసినా సరే.

ప్రేమతో,
అన్నయ్య