గుల్మార్గ్ పోతున్న మా పాపకు

పాపా,

స్నేహితులతో కలిసి గుల్మార్గ్‌కు స్కీయింగ్ నేర్చుకునేకి పోతున్నావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. అనంతపురం ఎండల్లో పెరిగిన పిల్ల మంచు మీద జారబోతోందంటే నాకెంత సంబరమో! 2018లో ఆంచల్ ఠాకూర్ టర్కీలో కాంస్యం గెలిచినప్పుడు, స్కీయింగ్‌లో మన దేశానికి అదే తొలి అంతర్జాతీయ పతకమని బడిలో ఆడపిల్లలందరికీ చెప్పినాను. అయితే మీ నాయన చివర్లో అన్నమాట నాకు నిద్ర పట్టనీలేదు. పోయినేడు మీ అన్న కొన్న స్కీలే, అదే కాళ్ల కింద బిగించుకునే పొడుగు పలకలే, తీసుకుపోతావంట, బూట్లు మాత్రం ఆడ అద్దెకు తీసుకుంటావంట.

వద్దు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు ఎంత బలానికి ఊడాలో మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఆట ఎంత వచ్చు, ఇవన్నీ చూసి బిగిస్తారు. మీ అన్నకు బిగించింది నువ్వు పడినప్పుడు ఊడకపోవచ్చు, అప్పుడు ఆ మెలిక అంతా నీ మోకాలికి పోతుంది. అద్దె షాపులో నీ బరువు ఉన్నదున్నట్లు చెప్పి, నీ బూటుతోనే బిగించుకో. బూట్లు ఆడవాళ్లవే అడుగు. మనకు పిక్క కండ మగవాళ్లకంటే కిందికి ఉంటుంది. వాళ్ల బూటు పై అంచు సరిగ్గా దాన్నే నొక్కుతుంది, రక్తం ఆడక వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

సరదాకు స్కీయింగ్ చేసేవాళ్లలో మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. మన తుంటి వెడల్పు కాబట్టి తొడ ఎముక లోపలికి ఏటవాలుగా దిగుతుంది, కాలు మోపినప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలతాయి. తొడ ముందు కండ లాగుతుంటే ఆపాల్సిన వెనక కండకు మనలో చాలామందికి అంత బలం ఉండదు. ఇది పాఠం అనుకోవద్దు. మీ అమ్మ మెట్లు పక్కకు తిరిగి ఎందుకు దిగుతుందో ఎప్పుడైనా అడిగినావా?

నేను, మీ అమ్మ ఒకే ఖోఖో జట్టు. ఆమె అంత వేగంగా పోలు తిరిగే పిల్ల మాలో ఇంకొకరు లేదు. జిల్లా పోటీల ముందు ఒక సాయంత్రం పోలు పట్టుకుని తిరగబోతే ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. టప్‌మన్న చప్పుడు నాక్కూడా వినిపించింది. మోకాలు కుండలా వాచింది. కోచ్ ఐసు పెట్టించి, పట్టీ కట్టించి, వాపు దిగినాక ‘నొప్పి లేదు కదా, దిగు. మగపిల్లలు ఆడ్డంలేదా?’ అన్నాడు. నిజంగానే నొప్పి లేదు. తెగిన లిగమెంటుకు వాపు పోతే నొప్పి కూడా పోవచ్చు, పట్టు మాత్రం రాదు. ఆ సంగతి ఆయప్పకు తెలీదు, చెప్పేవాళ్లూ లేరు. పోటీలో మోకాలు మళ్లీ జారింది, ఈసారి లోపలి మెత్త కూడా చీలింది. పెండ్లిలో మీ అమ్మ పీటల మీద కూర్చోలేకపోతే కుర్చీ వేసినాము. ఆ పొద్దు గుసగుసలాడిన చుట్టాల మీద నాకింకా కోపమే.

అందుకే చెప్తాండా. చప్పుడు వినిపించినా, మోకాలు జారినట్లున్నా, నొప్పి లేకపోయినా సరే, స్కీలు విప్పేయి. ఇంకొక్క రౌండు అనొద్దు. బైండింగు ఊడింది కదా అని ధైర్యపడొద్దు. అది ముఖ్యంగా కాలి ఎముక విరక్కుండా చేసింది, లిగమెంటును అన్నిసార్లూ కాపాడలేదు.

నువ్వు భయమేస్తే వెనక్కి వాలతావు, సైకిలు నేర్చుకునేటప్పుడే చూసినా. నడుము మోకాళ్లకంటే కిందికి పోయి, బరువంతా ఒక స్కీ వెనక కొస మీద పడితే లిగమెంటు తెగేది అక్కడే. చేతులు ముందుకు పెట్టు, ముంగాలు బూటు ముందు భాగానికి ఆనించు. పడేటట్లుంటే పడిపో తల్లీ, ఎవరూ నవ్వరు. జారడం పూర్తిగా ఆగేదాకా మాత్రం లేవాలని చూడొద్దు.

గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది, రక్తం తక్కువైతే అక్కడ ఆయాసమొస్తుంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి ఆ కాగితం నాకు పంపు. తక్కువుంటే డాక్టరు మాత్రలు రాస్తాడు, రాగిసంగటి, ఆకుకూర నేను పెడతా. నెలసరికి కావాల్సినవి ఇక్కడినుంచే సర్దుకో.

ఆదివారం మా ఇంటికి రా, తొడ వెనక కండకు బలమొచ్చే కసరత్తు నేర్పిస్తా. పరుపు మీద మోకాళ్లు మోపి, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. మడమలు నేను పట్టుకుంటా. పోయేదాకా వారానికి రెండుసార్లు చేయిస్తా, తప్పించుకోవద్దు.

మీ అత్త