సందేహాలు – సమాధానాలు: జ్వరంతో పడుకుని ‘ఉభయకుశలోపరి’ అనవచ్చునా?

సందేహం: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మా తాత రెండో ప్రపంచ యుద్ధకాలంలో పటాలంలో చేరి సముద్రం దాటి వెళ్లాడు. బస్రా అని ఇంట్లో చెప్పుకుంటారు. అక్కణ్ణించి వాళ్ల అయ్యకు పంపిన ఉత్తరాలు ఏడు అటక మీది రేకుపెట్టెలో దొరికాయి. పిల్లల కోసం టైపు చేయిస్తున్నాను. ప్రతి ఉత్తరమూ ‘ఉభయకుశలోపరి’ అని మొదలవుతుంది. అంటే ‘ఇద్దరమూ క్షేమం’ అని మా మాస్టారు చెప్పేవారు. కాని ఒక ఉత్తరంలో ఆ మాట కిందనే ‘జొరం తగిలి ఆసుపత్రిలో ఇరవై దినములు ఉండిపోనాను’ అని ఉంది. మా తాత మొదటి మాటలోనే అబద్ధమాడాడా? ఇంకోదాంట్లో ‘ఇంటి సెలవుకు పదిహేను రూపాయలు మనియార్డరు చేయించినాను. నాకు సెలవు లేదు’ అని ఉంది. ఇంటికి సెలవేమిటి? ‘ఒచ్చీసినాం’ లాంటి మాటల్ని టైపులో సరిదిద్దమంటారా? అన్నట్టు, ఏడు ఉత్తరాల్లోనూ మా నాయనమ్మ పేరు ఎక్కడా లేదు. అదొక్కటే మనసుకు కష్టంగా ఉంది. రెండు ఉత్తరాల ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం: మీ తాతగారు అబద్ధమాడలేదు. ‘ఉభయకుశలోపరి’ అనే మాట ఎవరూ క్షేమంగా ఉన్నారని చెప్పదు. ఉభయ, కుశల, ఉపరి అని అందులో మూడు మాటలున్నాయి. కుశల, ఉపరి కలిసి గుణసంధిలో ‘కుశలోపరి’ అయ్యాయి. ఉపరి అంటే పైన, ఆ తరవాత. ‘తదుపరి’ అని మనం రోజూ అంటున్నాం కదా, అందులో ఉన్నది ఈ ఉపరే. కాబట్టి ‘ఇరుపక్షాల కుశలప్రశ్నలూ అయిన పిమ్మట’ అని దీని అర్థం. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే నిలబెట్టి ‘ఏం పనిమీద వచ్చావు’ అని అడగం. కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి, పిల్లాపాపా ఎలా ఉన్నారని అడిగి, అప్పుడు విషయానికొస్తాం. ఉత్తరంలో ఆ తతంగమంతా ఈ ఒక్క మాటతో సరిపోతుంది. అది అయ్యాక జ్వరం సంగతి రాసినా, జీతం సంగతి రాసినా పేచీ లేదు.

అలాగని మీ మాస్టారిని తప్పు పట్టలేను. వాడగా వాడగా ‘మేం బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తాం’ అనే అర్థం కూడా జనంలో స్థిరపడిపోయింది. చాలామంది అలా అనుకునే రాశారు, అలా అనుకునే చదువుకున్నారు. వ్యుత్పత్తి చూస్తే నా మాట, వాడుక చూస్తే ఆయన మాట. ఇద్దరికీ చెరి సగం మార్కులు వేసుకుందాం.

యుద్ధకాలపు ఉత్తరాల్లో ఇలాంటి కట్టుబడి మాటలు ఎక్కువగా కనిపించడానికి ఇంకో కారణం ఉంది. ఆ యుద్ధంలో హిందూదేశం నుంచి సైన్యంలో చేరినవాళ్లు 25 లక్షల మంది. ఇరాక్, ఈజిప్టు, ఇటలీ, మలయా, బర్మా దాకా వెళ్లారు. 1941 ఏప్రిల్‌లో భారత సైన్యం ఇరాక్ రేవు బస్రాలో దిగిన సంగతి చరిత్రలో ఉంది కాబట్టి మీ ఇంట్లో చెప్పుకునే మాట నమ్మదగ్గదే. కాని ఉత్తరాల్లో ఊరి పేరు వెతికితే దొరకదు. రాసిన ప్రతి ఉత్తరమూ సెన్సారు కళ్లబడి వెళ్లేది. ఉన్న ఊరు, ఎక్కిన ఓడ, వెళ్లబోయే చోటు రాయకూడదు. అందుకే కట్టుబడి మాటలే ఎక్కువయ్యాయి. కవరు మీద కూడా దళం పేరు, ఫీల్డు పోస్టాఫీసు నంబరు తప్ప ఊరుండదు. మీరు పంపిన మొదటి ఫొటోలో నాలుగో పంక్తి దగ్గర కాగితం కిటికీలా కోసి ఉంది చూడండి, అది ఎలకల పని కాదు. ‘ఓడ దిగిన’ అని ఉండి, కన్నం దాటాక ‘అను ఊరిలో’ అని మిగిలింది. కత్తెర పడ్డది ఊరి పేరు మీదే. కాని ఆ కిందనే ‘కర్జూరపు చెట్లు మన తాటితోపులాగున ఏటి పొడుగునా ఉన్నవి’ అన్న వాక్యాన్ని ఎందుకో వదిలేశారు. పేరు పోయినా ఊరు మిగిలింది. బస్రా ఏటి ఒడ్డున ఖర్జూరపు తోటలు ప్రసిద్ధం. మీ ఊళ్లో విన్నవాళ్లకు తాటితోపు అనగానే సగం కళ్లకు కట్టి ఉంటుంది.

ఇక దిద్దుబాటు సంగతి. ముందు ఆ ఫొటోలో కింద ఉన్న వ్రాలు చూడండి. పైన ఉత్తరమంతా గుండ్రటి దస్తూరీ, సంతకం దగ్గర మాత్రం నాలుగు అక్షరాలు నాలుగు దిక్కులకు పోయాయి. అంటే మీ తాతగారు చెబుతూ ఉంటే చదువుకున్న తోటి సిపాయి ఎవరో రాసిపెట్టాడు. అందుకే ఉత్తరంలో రెండు తెలుగులున్నాయి. ‘మహారాజరాజశ్రీ’, ‘వ్రాయవలెను’, ‘తెలియజేయగలరు’ రాసినవాడివి. ‘ఒచ్చీసినాం’, ‘ఉండిపోనాను’ చెప్పినవాడివి. మొదట్లో రాసేవాడు జాగ్రత్తగా గ్రాంథికంలోకి మార్చుకుంటూ పోయాడు. జ్వరం దగ్గరికొచ్చేసరికి మీ తాతగారు ఆపకుండా చెప్పి ఉంటారు, కలం మాట వెంట పరిగెత్తింది. ‘జ్వరం’ కాస్తా ‘జొరం’ అయింది.

‘ఒచ్చీసినాం’లో తప్పేమీ లేదు. వచ్చి, వేసినాం అనే రెండు క్రియలు కలిసిన రూపం అది. కృష్ణా గోదావరి జిల్లాల నోట అదే ‘వచ్చేశాం’ అయింది. వాళ్లు ‘సినాం’ను ‘శాం’గా కుదించేశారు, మీవాళ్లు కుదించలేదు, అంతే తేడా. ‘పోయినాను’ మీ దగ్గర ‘పోనాను’ అయింది, అక్కడ ‘పోయాను’ అయింది. బడి పుస్తకాల్లోకి ఒక రూపం ఎక్కింది కాబట్టి రెండోది తప్పని అనుకుంటున్నాం. వాడుకభాష కోసం జన్మంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన జిల్లాల ఉత్తరాన్ని పట్టుకుని ‘సరిదిద్దమంటారా’ అని నన్నే అడుగుతున్నారు! ఒక్క అక్షరం ముట్టుకోకండి. ‘జొరం’ కూడా అలాగే ఉంచండి. పిల్లలకు అర్థం కావనిపిస్తే పక్కన చిన్న అక్షరాల్లో అర్థం వేయించండి. చిరునామాలో ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉన్నదాన్ని కూడా మార్చవద్దు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అప్పటికి రెండూ విశాఖపట్నం జిల్లాలోని ఊళ్లే.

సెలవు చాలా తమాషా మాట. మీ తాతగారి ఉత్తరంలో అది మూడుసార్లు వచ్చింది, మూడుచోట్లా మూడు అర్థాలు. ‘ఇంటి సెలవుకు పదిహేను రూపాయలు’ అన్నప్పుడు సెలవు అంటే ఖర్చు. పాత తెలుగులో ఈ అర్థం ఉంది, నిఘంటువుల్లోనూ ఉంది. తమిళులకు ఇప్పటికీ ‘సెలవు’ అంటే ఖర్చే. వాళ్ల భాషలో ‘సెల్’ అంటే వెళ్లు. చేతిలోంచి వెళ్లిన డబ్బు సెలవు. మనకు పారశీ నుంచి వచ్చిన ఖర్చు ఆ పనంతా చేసిపెడుతోంది గనక సెలవుకు ఆ కొలువు పోయింది. ‘నాకు సెలవు లేదు’ అన్నప్పుడు అది పై అధికారి ఇవ్వాల్సిన అనుమతి. పెద్దవాళ్లు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అనడం ఈ అర్థం నుంచే. అడగ్గా అడగ్గా అనుమతి ఇచ్చిన రోజే సెలవుదినం అయింది. ఇక ఉత్తరం చివర ‘ఇక సెలవు’ అని ఉంది. అది వెళ్లడానికి మిమ్మల్ని అడిగే అనుమతి. పాపం, ఆ మనిషికి పటాలంలో దొరకని సెలవు కాగితం చివర మాత్రం దొరికింది.

పటాలం అన్నాను కాబట్టి ఒక ముక్క. బెటాలియన్ అనే యూరపు మాటే దక్షిణాది నోళ్లలో పడి పటాలం అయింది. ఈ కాలం కుర్రాళ్లు ‘మిలట్రీకి వెళ్లాడు’ అంటున్నారు. రేపు అదీ పాతబడుతుంది.

మీరు అడగలేదు గాని, మీ తాతగారు నేను చూసిన రెండు ఉత్తరాల్లోనూ ‘ఈ జాబు చేరగానే జాబు వ్రాయించవలెను’ అంటారు. ఇందులో పునరుక్తి లేదు. అరబ్బీ ‘జవాబ్’ మన దగ్గర జవాబుగానూ, జాబుగానూ రెండు రూపాల్లో మిగిలింది. జాబు అంటే మొదట బదులే. సంస్కృతంలో ఉత్తరం అన్నా బదులే, ప్రశ్నకు ఉత్తరం అంటాం కదా. తెలుగువాళ్లం బదులు అనే అర్థమున్న రెండు మాటల్ని తెచ్చుకుని రెండిటినీ లేఖకు పేరు పెట్టుకున్నాం. ఓడ మీద వెళ్లే ఉత్తరానికి వారాలు పట్టే రోజుల్లో బదులు కోసం ఎంత ఎదురుచూశారో ఆ వాక్యం రెండిటిలోనూ రావడంలోనే తెలుస్తోంది.

చివరిది, మీకు కష్టంగా ఉన్నది. ఆ ఉత్తరాలు మీ నాయనమ్మకు మామగారైన పెద్దాయన పేర వచ్చినవి. పోస్టుమానో, బడిపంతులో అరుగు మీద కూర్చుని పైకి చదివితే ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ వినేవారు. అటువైపు చెప్పేటప్పుడు రాసేవాడు కూడా పరాయివాడే. అంతమంది చెవుల్లో భార్య పేరు పలకడం ఆనాటి మర్యాద కాదు. అందుకు తెలుగులో ఒక ఉపాయముంది. ‘మా ఇంట్లో అడిగి చెబుతాను’ అంటాడు మగవాడు. గోడల్నీ దూలాల్నీ అడగడు, భార్యను అడుగుతాడు.

ఇప్పుడు మీరు పంపిన రెండో ఫొటో మళ్లీ చదవండి. అయ్యకూ అమ్మకూ దండాలు, తమ్ముళ్లకూ గుంటలకూ (అంటే పిల్లలకు) దీవెనలు పేరుపేరునా అయ్యాక, ‘ఇంట్లో దగ్గు తగ్గినదా, తగ్గకపోతే విజయనగరం తీసుకెళ్లి చూపించవలెను’ అని ఉంది. ఇల్లు దగ్గదు కదండీ. మొదటి దాంట్లో ‘ఇంట్లో కులాసాయేనా’ అని రెండుచోట్ల ఉంది, ఒకటి మధ్యలో, ఒకటి వ్రాలుకు పైన ఇరికించి. తక్కిన ఐదు ఉత్తరాలూ నేను చూడలేదు. అందులో ‘ఇంట్లో’ అన్నచోటల్లా ఒక గీత పెట్టుకుని లెక్క చూడండి.