ముందు సోఫా జరపండి, కేబుల్ సంగతి తర్వాత

నల్లగొండ గడియారం చౌరస్తాకు దగ్గర్లో 32 ఏళ్లుగా ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగు చేస్తున్నాను. ఈసారి మిర్యాలగూడ మాస్టారి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. ఆయన అడిగింది చాలామంది ఇళ్లలో ఉన్న ఇబ్బందే.

ప్రశ్న: రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లోంచి 1,80,000 రూపాయలు పెట్టి ఆంప్లిఫయర్, రెండు నిలువు స్పీకర్లు కొన్నాను. షాపులో విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో పెడితే డోలు వచ్చినప్పుడల్లా ఒకటే మోత, గొంతు వెనక్కి పోతోంది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటే మాత్రం బాగానే ఉంటోంది. హాలు 12 అడుగులకు 12 అడుగులు, తాండూరు బండలు పరిచాం. 40,000 పెట్టి స్పీకర్ కేబుల్ మారిస్తే సర్దుకుంటుందని షాపాయన అంటున్నాడు. మార్చమంటారా?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, మిర్యాలగూడ

జవాబు: వద్దు మాస్టారూ. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. సోఫాలో కూర్చుంటే చెడ్డగా ఉన్నది వంటింటి గుమ్మం దగ్గర బాగుంటే, రెండు చోట్లకీ వచ్చేది అదే కేబుల్ గుండా వచ్చిన పాటే కదా! తేడా గదిలో ఉంది.

లెక్కతోనే చెప్తాను. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. మీ హాలు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. ఆ గోడకు పోయి తిరిగి వస్తే 7.32 మీటర్లు. 343ని 7.32తో భాగించండి, దగ్గర దగ్గర 47 వస్తుంది. 47 హెర్ట్జ్ (అంటే సెకనుకు 47 కంపనాలు) దగ్గరా, దానికి రెట్టింపు 94 దగ్గరా మీ హాలు తనంతట తనే మోగుతుంది. నిండుగా లేని బిందె మీద కొడితే ఒక శ్రుతిలోనే మోగుతుంది చూడండి, అలాగ. హాలు పొడవూ వెడల్పూ ఒకటే కావడంతో ఆ మోత రెండు దిక్కుల నుంచీ ఒకే శ్రుతిలో వచ్చి కలుస్తోంది. చదరపు గది పాటకు మంచిది కాదని అనేది అందుకే. పైగా ఈ మోత గోడ పక్కన అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. మీ సోఫా వెనక గోడకు ఆనించి ఉందని నా నమ్మకం. మన ఇళ్లల్లో సోఫా ఇంకెక్కడ ఉంటుంది?

ఇంట్లో వాళ్లను ఒప్పించి ఆ సోఫాను వెనక గోడ నుంచి 4 అడుగులు ముందుకు జరపండి. గదిలో మూడో వంతు అన్నమాట. అక్కడ 47, 94 రెండూ సగానికి తగ్గుతాయి. గది సరిగ్గా మధ్యలో మాత్రం కూర్చోవద్దు, 47 అక్కడ దాదాపు మాయమైపోయి డోలు నీరసంగా వినపడుతుంది. స్పీకర్లను మూలల నుంచి బయటికి లాగండి. వాటి వెనక ఉన్న గోడకు రెండడుగులు, పక్క గోడకు అంతకంటే కాస్త ఎక్కువ ఇచ్చి వినండి, తర్వాత నాలుగేసి అంగుళాలు జరుపుతూ పోండి. దీనికి ఒక ఆదివారం పడుతుంది. బండ మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకోండి, లేకపోతే బాగున్న చోటు మళ్లీ దొరకదు.

ఇక గొంతు వెనక్కి పోవడం సంగతి. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. టర్ర్‌మని వెనకాలే ఒక తోక వినపడుతుంది. నున్నటి బండ, ప్లాస్టరు గోడ, పైన స్లాబు, వీటిలో ఏదీ శబ్దాన్ని మింగదు. పాడే మనిషి గొంతు మీకు నేరుగా ఒకసారి, పక్క గోడ మీంచి ఒకసారి, నేల మీంచి ఇంకోసారి చేరుతుంది. మాట చెదిరిపోతుంది.

మా హాల్లో నేను చేసింది చెప్తాను. నారాయణపేట వైపు కురుమలు నేసిన నల్ల గొంగళ్లు రెండు తెచ్చాను. ఒక్కోదాన్ని నాలుగు మడతలు పెట్టి, చెక్క పట్టీలతో చేసిన చట్రానికి బిగించి, గోడకు 4 అంగుళాల ఎడంతో తగిలించాను. ఆ ఎడం ముఖ్యం. గోడను తాకేచోట గాలి కదలదు, కదలని గాలిని ఉన్ని ఏం ఆపగలదు? గోడకే అతికిస్తే సన్నటి ట్రెబుల్ ఒక్కటే తగ్గుతుంది. ఎడం ఇస్తే గొంతు ఉండే శ్రుతులను కూడా పట్టుకుంటుంది. ఎక్కడ తగిలించాలో అద్దం చెప్తుంది. నేను కుర్చీలో కూర్చున్నాను, మా ఆవిడ పక్క గోడ వెంట ముఖం చూసుకునే అద్దాన్ని జరుపుతూ పోయింది. అద్దంలో స్పీకర్ కనపడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాం, అక్కడే గొంగడి. మొదటి సాయంత్రం మేళంలో సన్నాయి ఊదే ఆయన ఊపిరి పీల్చుకోవడం వినపడింది. ఆ రికార్డింగ్ నా దగ్గర 15 ఏళ్లుగా ఉంది. మడతల్లో వేపాకు వేయండి, ఉన్నికి పురుగు పడుతుంది.

గొంగడితో బేస్ మోత తగ్గుతుందని మాత్రం అనుకోకండి. 47 హెర్ట్జ్ అల పొడవు 7 మీటర్ల పైన. దాన్ని బాగా మింగాలంటే ఉన్ని అయినా దూది అయినా మందం అడుగుల్లో ఉండాలి. అందుకే బేస్‌కు జరపడమే మందు.

కేబుల్ గురించి అడిగారు కనుక అదీ చెప్పాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఇంటి వైరింగ్‌కు వాడేదే, కరెంటుకు దాని అడ్డు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌లు. స్పీకర్ దాకా 5 మీటర్లు, రానూపోనూ 10 మీటర్లు అనుకుంటే 0.074 ఓమ్. మీ 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఒక్క శాతం కూడా లేదు. 2009లో నేను 22,000 పెట్టి ఒక కేబుల్ కొన్నాను. వారం రోజులు తేడా వినపడిందనే అనుకున్నాను. తర్వాత మా బామ్మర్దిని స్పీకర్ల వెనక కూర్చోబెట్టి, దుప్పటి అడ్డం కట్టి, అది పెట్టాడో మామూలు వైరు పెట్టాడో నాకు చెప్పకుండా 20 సార్లు మార్పించాను. 11 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేది. ఆ కేబుల్ ఇప్పుడు నా దగ్గర లేదు, అమ్మేశాను. మీరు 40,000 పెట్టేముందు ఈ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: 4,500 రూపాయలకు 1,000 వాట్ల హోమ్ థియేటర్ అని బోర్డు పెట్టారు. నమ్మొచ్చా?
– ఆటో డ్రైవర్, సూర్యాపేట

జవాబు: నమ్మకండి. పెట్టె వెనక కరెంటు ఎంత తీసుకుంటుందో రాసి ఉంటుంది, అది చూడండి. 60 వాట్లు తీసుకునే పెట్టె 1,000 వాట్లు ఇయ్యలేదు. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) అని రాసిన అంకె ఒక్కటే పట్టించుకోండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్తంత తేడా.

ప్రశ్న: అన్నా, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు సీడీ కంటే బాగుంటాయంటున్నారు. నాకు తేడా తెలియట్లేదు. నా చెవుల్లో లోపమా?
– బీటెక్ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: లోపం లేదు తమ్ముడూ, టెన్షన్ పడకు. సీడీ 1982లో వచ్చింది. సెకనుకు 44,100 నమూనాలు తీస్తుంది (నువ్వు చెప్పిన ఫైళ్లలో 1,92,000), దాంతో 22,050 హెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది. మనిషి చెవి బాగున్నప్పుడు 20,000 దాకా వింటుంది, వయసుతో తగ్గుతుంది. నాకు ఇప్పుడు 12,000 దాటితే వినపడదు. సీడీలో ఉండే 16 బిట్లకు అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ చోటుంది. ఫ్యాన్ తిరిగే మన గదుల్లో అంత చోటు వాడుకోలేం. స్టూడియోలో రికార్డింగ్ చేసేవాళ్లకు 24 బిట్లు నిజంగా పనికొస్తాయి. వినేవాళ్లకు పాటను మాస్టరింగ్ (విడుదలకు ముందు సౌండ్‌ను చివరిసారి సర్దడం) చేసిన తీరే ముఖ్యం. కొత్తగా విడుదల చేసినప్పుడు పాత పాటల సౌండ్ అంతా ఒకే ఎత్తుకు నొక్కేస్తున్నారు, గుసగుసా కేకా ఒక్కటే అయిపోతున్నాయి. నాకు నిజంగా బాధ కలిగించేది అదే. ఒకే పాట పాత సీడీ, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి, రెంటి వాల్యూమ్ సమానం చేసి విను. సమానం చేయకపోతే కాస్త గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది, ఎవరికైనా.

ప్రశ్న: ఆంప్లిఫయర్ ఆన్ చేస్తే చాలు, పాట లేకపోయినా బుయ్యిమని హమ్మింగ్. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని మా ఎలక్ట్రీషియన్ అన్నాడు.
– కిరాణా వ్యాపారి, హాలియా

జవాబు: ఆ పని చేయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. ఆంప్లిఫయర్‌కు టీవీ కలిపి ఉంటే, టీవీకి వచ్చే కేబుల్ వైరును ఒకసారి పూర్తిగా పీకి చూడండి. హమ్మింగ్ ఆగితే ఆ వైరు బయట ఇంకెక్కడో ఎర్త్ అయి ఉంది, రెండు ఎర్త్‌ల మధ్య 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతోంది. ఆ వైరుకు ఐసొలేటర్ (సిగ్నల్‌ను పోనిచ్చి, ఎర్త్ కలయికను తెంచే చిన్న భాగం) పెట్టించండి. ఆగకపోతే ఇంటి ఎర్త్ గుంత చూడండి. 2011 ఎండాకాలం మా ఇంట్లో ఇదే హమ్మింగ్‌కు నెల రోజులు కెపాసిటర్లు మారుస్తూ కూర్చున్నాను. చివరికి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే 19 వోల్టులు! గుంత ఎండి బీటలు వారింది. బొగ్గు, ఉప్పు కొత్తగా వేసి నాలుగు బిందెల నీళ్లు పోస్తే 2 వోల్టులకు దిగింది, హమ్మింగ్ పోయింది. మన ఎర్ర నేలల్లో మార్చి నుంచి వారానికోసారి నీళ్లు పోయాల్సిందే.

ప్రశ్న: నాన్నగారు పోయాక ఆయన రికార్డ్ ప్లేయర్, 60 దాకా రికార్డులు నా దగ్గరికి వచ్చాయి. కొన్ని లావుగా, బరువుగా ఉన్నాయి. దుమ్ము బాగా పట్టింది. స్పిరిట్‌తో తుడవనా?
– గృహిణి, దేవరకొండ

జవాబు: ఆగండమ్మా. ఆ లావు ప్లేట్లకు స్పిరిట్ తగలనివ్వకండి. అవి 78 స్పీడువి (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి), లక్కతో చేసినవి. గాజులకు వాడే లక్కే. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే, ప్లేటు మీద గాడి కూడా అలాగే కరిగిపోతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, తడి గుడ్డతో గాడి వెంటే గుండ్రంగా తుడిచి, వెంటనే ఆరబెట్టండి. మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు.

పల్చగా వంగేవి 1948 తర్వాత వచ్చిన ఎల్పీ రకం. 78 ప్లేటు గాడి వీటి గాడికి దాదాపు మూడు రెట్లు వెడల్పు. ఎల్పీ ముల్లు దానిలో పెడితే అడుగున ఈడ్చుకుంటూ పోయి బరబరమంటుంది, వేరే ముల్లు కావాలి. ముల్లు కొన మీద దుమ్మును వెనక నుంచి ముందుకు మాత్రమే దులపండి, అడ్డంగా తోస్తే విరుగుతుంది. ప్లేయర్‌లో మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే, అయస్కాంతంతో పనిచేసే భాగం) ఉంటే ఆంప్లిఫయర్‌లో ఫోనో అని రాసిన చోటే పెట్టండి. దాని సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది, పైగా రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను మళ్లీ పెంచేది ఆ ఫోనో భాగమే.

అన్నిటినీ పుస్తకాల్లా నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. రేకుల గదిలో అసలే వద్దు, మే నెల ఎండకు ఎల్పీలు అప్పడంలా వంకర పోతాయి. ఏ కవరు మీదైనా నాన్నగారి చేతిరాత ఉంటే ఆ కవరు మార్చకండి. లోపల పల్చటి కొత్త కాగితం తొడుగు వేసి అందులోనే ఉంచండి.