పై అంతస్తు గది, కరెంటు బిల్లు

ప్రశ్న: మేము నలుగురం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక భవనం పై అంతస్తున రెండు గదులు అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాం. మాకు విడిగా సబ్‌మీటరు ఉంది. వేసవిలో ఒకటిన్నర టన్నుల ఏసీని 18 డిగ్రీల మీద పెట్టినా గది త్వరగా చల్లబడటం లేదు, బిల్లు మాత్రం అద్దెతో పోటీ పడుతోంది. చలికాలంలో గీజరుతోనూ ఇదే బాధ. ఖర్చు తగ్గే మార్గం చెప్పగలరా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఇబ్బందికి అసలు కారణం ఏసీ కాదు, మీ నెత్తి మీది స్లాబు. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు రాత్రి పది దాటాక కూడా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది కాబట్టి, మీ ఏసీ గదిలోని గాలితో పాటు పైకప్పు సెగను కూడా చల్లార్చవలసి వస్తోంది. ఫ్యాను ఆపి, స్టూలెక్కి అరచేతిని పైకప్పుకు ఆనించి చూస్తే సంగతి మీకే తెలుస్తుంది. ఇంటి యజమానిని ఒప్పించి డాబా మీద తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. పడమటి కిటికీకి లోపలి తెర కంటే బయట కట్టిన తడిక ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే ఎండ అద్దం దాటాక దాన్ని ఆపి లాభం లేదు.

ఇక 18 డిగ్రీల సంగతి. ఆ అంకె ఏసీకి ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప త్వరగా చల్లబరచమని చెప్పదు. స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల అమరికతోనే రావాలన్నది కేంద్రం నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని అంచనా. కంప్రెసరు పూర్తిగా నడిచేటప్పుడు సుమారు 1500 వాట్లు లాగుతుంది, పాత సీలింగ్ ఫ్యానుకు 75 వాట్లు చాలు. అంటే ఒక ఏసీ ఇరవై ఫ్యాన్ల పెట్టు. అందుకే 26 మీద పెట్టి ఫ్యాను కూడా తిప్పండి. రెండు వారాలకొకసారి ఏసీ జాలీ కడగండి. మే నెల పొడి ఎండకు హైదరాబాద్‌లో కూలరు కూడా బాగానే పనిచేస్తుంది (విశాఖ ఉక్కపోతలో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి), అయితే కూలరుకు కిటికీ తెరిచి ఉండాలి, ఏసీకి మూసి ఉండాలి.

గీజరు విషయంలో లెక్క తేలిక. 20 లీటర్ల బకెట్ నీటిని 22 నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.42 యూనిట్లు కావాలి, రాడ్డు పెట్టినా గీజరు వేసినా అంతే. నష్టమంతా స్విచ్ ఆపడం మరచిపోవడంలోనే ఉంది. నలుగురూ ఒకరి వెంట ఒకరు స్నానం చేసి ఆపేయండి. రాడ్డు వాడితే ప్లగ్గు తీసే దాకా నీళ్లలో చెయ్యి పెట్టకండి.

పడుకునే ముందూ, లేచాకా సబ్‌మీటరు అంకెలను ఒక వారం గోడ మీది క్యాలెండరులో రాసుకుంటే, ఏ రాత్రి ఎవరు ఎంత చలి కోరారో తేలిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఎం.ఎస్. చదువుతోంది. చలికాలంలో హీటరు బిల్లు ఎక్కువగా వస్తోందని అంటోంది.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మెలకువగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ 68 ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ మీద ఉంచమనండి. రోజుకు ఎనిమిది గంటలు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా కావచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. గదిలో పెట్టుకునే చిన్న హీటరు కూడా 1500 వాట్లు తీసుకుంటుంది, దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకూడదు. సెలవులకు ఊరెళ్లేటప్పుడు మాత్రం పొదుపు పేరుతో హీటింగ్ పూర్తిగా ఆపవద్దనండి, గడ్డకట్టే చలి వస్తే నీళ్ల పైపులు పగిలిపోతాయి. 55 ఫారెన్‌హీట్ మీద వదిలి వెళ్లడం మంచిది.