పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే అమెరికా రావాలా?

అమెరికా పౌరుడైన భర్త దగ్గరకు రాబోతున్న హైదరాబాదు అమ్మాయి ఒకరు, పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు ఇప్పుడే ఎక్కించుకోవాలా, అక్కడికి చేరాక చూసుకోవచ్చా అని అడిగారు. నా అభిప్రాయం ముందే చెబుతున్నానమ్మా: ఇప్పుడు మార్చకండి. హైదరాబాదులో మీ డబ్బు ఎంత కొంచెం ఉన్నా సరే, అది ఏయే కాగితాల్లో ఏ పేరున ఉందో చూసుకోకుండా అసలే మార్చకండి.

నిబంధనలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక క్లుప్తంగా చెబుతాను. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలోనూ లేదు, అమెరికాలోనూ లేదు. మార్చుకోదలిస్తే పాస్‌పోర్టు రీఇష్యూకు దరఖాస్తు పెట్టాలి. 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. మీ భర్త మీ గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-130 పిటిషన్‌లోను, మీరు నింపే వీసా దరఖాస్తు డీఎస్-260లోను ఇంతకుముందు వాడిన పేర్లు రాయడానికి గడులు ఉంటాయి, అక్కడ ఏదీ దాచకూడదు. వీసా పాస్‌పోర్టులోని పేరుతో వస్తుంది. గ్రీన్ కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు సాధారణంగా ఆ వీసానే అనుసరిస్తాయి. పిటిషన్ వేశాక, ముంబైలో వీసా ఇంటర్వ్యూకు ముందు పాస్‌పోర్టు మారితే, అప్పటికే తీసుకున్న పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ మీద పాత పాస్‌పోర్టు నంబరు ఉండిపోతుంది, మళ్లీ ఆ పని మొదటికి వస్తుంది.

నా పెళ్లినాటికి ఇవన్నీ విడమర్చి చెప్పేవారు లేరు. అత్తవారు ముచ్చటపడ్డారని సికింద్రాబాదు పాస్‌పోర్టు ఆఫీసులో పేరు మార్పించుకుని, కొత్త పుస్తకం చేతికి రాగానే పని పూర్తయిందని అమెరికా విమానమెక్కాను. పాన్ కార్డు, జీతం పడిన బ్యాంకు ఖాతా, కంపెనీ పీఎఫ్, నాన్నగారు నా పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, అన్నీ పుట్టింటి ఇంటిపేరుతోనే ఉండిపోయాయి. విదేశంలో స్థిరపడినవారు మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలన్నది విదేశీ మారకపు చట్టమైన ఫెమా నిబంధన. ఆ దరఖాస్తు పంపినప్పుడు తెలిసింది, బ్యాంకు దృష్టిలో నేను ఇద్దరినని. పాస్‌పోర్టులో ఒక పేరు, పాన్‌లో మరో పేరు. దానికి తోడు సంతకం: దరఖాస్తు మీద నేను పొట్టిగా, చివర కొత్త ఇంటిపేరు మొదటి అక్షరంతో చేశాను, బ్యాంకు దగ్గరున్న నమూనా సంతకం కాలేజీ రోజుల్లో చేసినది, పేరంతా విడివిడిగా రాసి, కింద గీత గీసి, రెండు చుక్కలు పెట్టినది.

పెళ్లి సర్టిఫికెట్ పంపితే సరిపోతుందనుకున్నాను. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన ఆ కాగితంలో వధువు పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, వరుడి పేరు వేరుగా ఉంటుంది; వధువు ఇకపై ఫలానా ఇంటిపేరుతో పిలవబడుతుందని నాకిచ్చిన దాంట్లో ఒక్క ముక్క లేదు. అందుచేత రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అఫిడవిట్ రాసి, భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపమన్నారు. నాన్నగారికి పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఇచ్చాను. విదేశంలో రాసిన అటువంటి పత్రం భారతదేశానికి చేరిన 3 నెలల లోపల స్టాంపు డ్యూటీ కట్టి ముద్ర వేయించకపోతే చెల్లదని, అది అక్కడికి వెళ్లాకగాని మాకు తెలియలేదు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ బ్రాంచికి ఫైలు పట్టుకుని తిరుగుతుంటే, గడువు తీరిన డిపాజిట్ అక్కడే పడి ఉండగా, నేను ఇక్కడ ఉద్యోగం లేకుండా, ప్రతి చిన్న ఖర్చుకూ మా ఆయన్ను అడుగుతూ కూర్చున్నాను. నా భర్త ఏనాడూ కాదనలేదు. అయినా సొంత సంపాదన ఉన్న అమ్మాయికి అలా అడగడం ఎంత బరువుగా ఉంటుందో వచ్చాకే తెలుస్తుంది. ఎవరినీ నొప్పించకుండా, ఒక్కొక్క కాగితం కూడబెట్టి ఆ డబ్బు రాబట్టుకున్నాను. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ చదువుకు ఫీజు దానితోనే కట్టాను, ఈనాటి నా ఉద్యోగం ఆ చదువు పెట్టిన భిక్షే.

ఇప్పటి పిల్లలకు అన్నీ ఫోన్‌లోనే అయిపోతాయన్న ధైర్యం ఉంది. ఆ ఫోన్‌కు ఓటీపీ రావాలంటే హైదరాబాదు సిమ్ బతికి ఉండాలని మాత్రం వారికి తోచదు. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, కనుక దాన్ని తొందరపడి ఖర్చు చేయకండి. పాన్, ఆధార్ లింకు కావాలంటే రెండింటిలో పేరు కలవాలి. ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీపై 30 శాతం టీడీఎస్, ఆపైన సెస్సు కోస్తారు. మీకు పడవలసిన పన్ను అంతకంటే తక్కువైతే రిటర్న్ వేసి మిగిలింది వెనక్కు తీసుకోవచ్చు, కాని ఆ రిఫండ్ పడే ఖాతాలోని పేరు పాన్‌తో సరిపోవాలి. పీఎఫ్ సంగతి మరీ ముఖ్యం: రికార్డులో పేరు తేడా ఉంటే కొన్ని సందర్భాల్లో మీరూ పాత యజమానీ కలిసి జాయింట్ డిక్లరేషన్ ఇవ్వాల్సి వస్తుంది, మీరు సముద్రాలు దాటాక ఆ కంపెనీ హెచ్ఆర్ మీ మెయిల్‌కు ఎంత త్వరగా జవాబిస్తారో మీరే ఊహించుకోండి.

అత్తవారు నొచ్చుకుంటారన్న మీ బెంగ నాకు అర్థమైంది. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు మీ గోత్రం మారనే మారింది, శుభలేఖల్లో ఆ ఇంటి కోడలిగానే వేస్తారు. దాన్ని పాస్‌పోర్టు దాకా లాగనక్కరలేదని మీ భర్త చేత చెప్పించండి, మీరు చెప్పకండి. ఇష్టమైతే పౌరసత్వం తీసుకునేనాడు మార్చుకోవచ్చు. పౌరుడితో కాపురం చేస్తున్న భార్య గ్రీన్ కార్డు వచ్చిన 3 ఏళ్లకు పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేయవచ్చు, అందులోనే కొత్త పేరు కోరవచ్చు. విదేశీ పౌరులైన మనవారికి భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు కూడా ఆ పేరుతోనే తీసుకుని, హైదరాబాదు ఖాతాలన్నీ ఒక్క ప్రయాణంలో సరిచేసుకోవచ్చు. మధ్యలో గ్రీన్ కార్డులో పేరు మార్చాలంటే కార్డు మార్పు దరఖాస్తు ఐ-90కి 400 డాలర్లకు పైగా పోస్తారు.

ఒక్క సందర్భంలో మాత్రం పాస్‌పోర్టు ఇప్పుడే సరిచేయించాలి. మనవారిలో చాలామందికి టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాగే వస్తే అమెరికా వీసాలో మీ పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సు నుంచి జీతం చెక్కు దాకా అదే వెంటాడుతుంది. ఆ గడిలో పుట్టింటి ఇంటిపేరే నింపించండి, మీ డిగ్రీ పట్టాలకూ అదే నప్పుతుంది.

బయలుదేరే ముందు వారంలో బ్యాంకుకు స్వయంగా వెళ్లి, నమూనా సంతకం ఇప్పుడు మీరు చేసే తీరుగా మార్పించండి, డిపాజిట్ రసీదులో పేరు పాన్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిసిందో లేదో కౌంటర్ దగ్గరే చదువుకోండి, నామినీ పేరు కూడా వారి ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఇక్కడికి చేరాక మీ భర్తతో ఉమ్మడి ఖాతా ఎలాగూ తెరుస్తారు. సోషల్ సెక్యూరిటీ కార్డు రాగానే, అందులో ఉన్న పేరుతోనే మీకంటూ మరో ఖాతా తెరవండి.