కెమెరామన్‌ని కాగలనా?

ప్రశ్న: ఫిల్మ్ కోర్సు రెండో ఏడాది చదువుతున్నాను. పిల్లలమర్రి కింద తీసిన సీన్లో మొహాలపై ఎండ మచ్చలు పడ్డాయి. ఇంట్లో తీసిన సీన్లో ట్యూబ్‌లైట్ మినుకుమంటోంది. నేను కెమెరామన్‌గా పనికొస్తానా?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: తప్పకుండా. రెండూ దిద్దుకోగలిగే తప్పులే. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తికి రెండుసార్ల చొప్పున చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది. ఆటో షట్టర్ ఆపేసి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టండి, మినుకు పోతుంది. చెట్టు కింద నటుడి తలపైన పలుచటి తెల్లబట్ట కట్టి, పక్కనుంచి థర్మాకోల్ షీటుతో వెలుగు మళ్లించండి. గాలికి కొమ్మ కదిలితే మచ్చలూ కదులుతాయి, ఆ షాట్లు ఎడిటింగ్‌లో అతకవు.

కోర్సయ్యాక హైదరాబాద్‌లో కెమెరా అసిస్టెంటుగా చేరండి. లెన్సులు, ఫోకస్ చేతికి అలవాటయ్యేది అక్కడే. మీ మంచి షాట్లు కూర్చిన షోరీల్ (పని చూపించే వీడియో) 2 నిమిషాలు దాటనివ్వకండి. మీ మేటి షాటు ముందే ఉండాలి.